రెండో తాళం మంచిదే... తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

ప్లస్ టూ ఫలితాల కాలం వచ్చిందంటే మన ఇళ్లలో మార్కుల మాట, కట్-ఆఫ్ మాట, ఏ కాలేజీలో సీటు వస్తుందన్న మాట తప్ప ఇంకోటి వినిపించదు. ఆ సందడిలో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. దరఖాస్తులో 'మొబైల్ నంబరు' అని ఒక గడి ఉంటుంది కదా, అందులో ఎవరి నంబరు రాసినాం?

మన బడిలో చదివి రెండేళ్ల కిందట కాలేజీకి పోయిన ఒక అమ్మాయి సంగతి చెబుతాం. పేరు వద్దు. డెంకణికోట పక్క పల్లె. నాన్న గులాబీ తోటలో కూలికి పోతాడు. సీటుకు దరఖాస్తు పెట్టినప్పుడు ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేదు. బ్రౌజింగ్ సెంటర్ అబ్బాయే తన నంబరు వేసి, తానే ఒక మెయిలు తెరిచి పని ముగించినాడు. పాస్‌వర్డు ఒక చీటీ మీద రాసిచ్చినాడు. అతను చేసింది సాయమే. ఆ చీటీతోనే మూడు సెమిస్టర్లు గడిచిపోయినాయి.

నాలుగో సెమిస్టరులో విశ్వవిద్యాలయం పోర్టల్ మారింది. పాస్‌వర్డు ఒక్కటే కొడితే చాలదు, ఫోనుకు వచ్చే ఆరంకెల ఓటీపీ కూడా కొట్టాల. ఓటీపీ పోయింది పాత నంబరుకు. ఆ సెంటర్ మూతపడి ఏడాదైంది. నంబరుకు ఫోన్ చేస్తే హిందీలో ఎవరో పలికినారు. పరీక్ష ఫీజు కట్టడానికి మిగిలింది రెండే రోజులు.

తండ్రి కూలి వదులుకొని, కూతుర్ని వెంటబెట్టుకొని ఆఫీసుకు రెండుసార్లు తిరిగినాడు. గుర్తింపు కార్డు, ప్రిన్సిపాల్ సంతకం, అర్జీ. చివరికి నంబరు మార్చినారు, ఫీజు జరిమానాతో కట్టినారు. పరీక్ష తప్పలేదు, అంతవరకు అదృష్టం. "మీ మేలుకోసమే కదమ్మా ఈ ఓటీపీ పెట్టింది" అన్నాడంట అక్కడి గుమాస్తా. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ తండ్రీకూతుళ్లు పడిన పాట్లూ అబద్ధం కాదు. ఈ రెండూ ఒకేసారి ఎట్ల నిజమైనాయో చూద్దాం.

కాలేజీ అకౌంటులో దొంగకు ఏముంటుంది?

చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇదే. బ్యాంకు అకౌంటులో డబ్బుంటుంది, కాలేజీ అకౌంటులో ఏముంటుంది సార్ అని.

చాలానే ఉంటుంది. హాల్ టికెట్, మార్కులు, స్కాలర్‌షిప్ పడే బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్ నకలు, చిరునామా. వీటన్నిటికంటే విలువైనది ఇంకోటుంది, విశ్వవిద్యాలయం పేరుతో ఉన్న మెయిలు. ప్రొఫెసర్ మెయిలు నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఏ విద్యార్థి అనుమానిస్తాడు? ఒక అకౌంటు చిక్కితే దాని ద్వారా వందల అకౌంట్లకు వల వేయవచ్చు.

2018 మార్చిలో అమెరికా న్యాయశాఖ తొమ్మిది మంది ఇరాన్ దేశస్థుల మీద కేసు పెట్టింది. పలు దేశాల విశ్వవిద్యాలయాల్లో లక్ష మంది దాకా ప్రొఫెసర్లకు మోసపు మెయిళ్లు పంపి, సుమారు 8,000 అకౌంట్లను చేజిక్కించుకున్నారని అభియోగం. పోయింది డబ్బు కాదు, పరిశోధన పత్రాలు, పుస్తకాలు, ఏళ్ల తరబడి చేసిన పని.

2024 డిసెంబరులో జరిగింది మన లాంటి బడులకు ఇంకా దగ్గరి సంగతి. అమెరికా, కెనడా బడుల్లో విద్యార్థుల రికార్డులు దాచే పవర్‌స్కూల్ అనే సంస్థ లోపలికి ఒక దొంగ దూరినాడు. గోడలు బద్దలు కొట్టలేదు. ఎవరిదో పాస్‌వర్డు దొరికింది, దానితో సహాయక సిబ్బంది వాడే పోర్టల్ తలుపు తీసుకొని పోయినాడు. ఆ తలుపుకు రెండో తాళం లేదు. 6 కోట్లకు పైగా విద్యార్థుల వివరాలు, కోటి మంది దాకా ఉపాధ్యాయుల వివరాలు పోయాయని అక్కడి ప్రాసిక్యూటర్లు చెప్పారు. బయటపెట్టకుండా ఉండేందుకు సంస్థ డబ్బు కూడా ముట్టజెప్పింది. అయినా కొన్ని నెలలకే, 2025 మే నెలలో, కొన్ని బడులకు మళ్లీ బెదిరింపులు వచ్చాయి. పట్టుబడిన నిందితుడు 19 ఏళ్ల కాలేజీ విద్యార్థి. అతనికి 2025 అక్టోబరులో నాలుగేళ్ల జైలుశిక్ష పడింది.

లాకరుకు రెండు తాళాలు

బ్యాంకు లాకరు చూసినవాళ్లకు ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. ఒక తాళంచెవి మన దగ్గర, ఒకటి బ్యాంకు దగ్గర. రెండూ పడితేనే లాకరు తెరుచుకుంటుంది. మన చెవి ఒక్కటీ దొంగకు దొరికినా నగలు భద్రం.

ఆన్‌లైన్‌లోనూ అంతే. మనం ఎవరమో రుజువు చేసుకోవడానికి మూడు రకాల ఆధారాలున్నాయి. మనకు తెలిసినది, అంటే పాస్‌వర్డు, పిన్. మన దగ్గర ఉన్నది, అంటే ఫోను, సిమ్ము, భద్రతా తాళంచెవి. మన ఒంటిదే అయినది, అంటే వేలిముద్ర, ముఖం. ఈ మూడింటిలో వేర్వేరు రకాలవి కనీసం రెండు అడగడాన్నే మల్టీ ఫ్యాక్టర్ అథెంటికేషన్, పొట్టిగా ఎంఎఫ్ఏ అంటున్నారు. పాస్‌వర్డు అడిగి, ఆ తర్వాత 'మీ అమ్మ పుట్టింటి పేరేమి' అని అడిగితే అది ఎంఎఫ్ఏ కాదు. రెండూ తెలిసిన సంగతులే. ఊళ్లో సగం మందికి మన అమ్మ పుట్టిల్లు తెలుసు!

బ్యాంకులు ఈ పాఠం ముందే నేర్చుకున్నాయి. కార్డు చూపకుండా ఆన్‌లైన్‌లో జరిగే చెల్లింపులకు అదనపు రుజువు తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి అమలు చేసింది. మన నాన్నలకు, అమ్మలకు ఓటీపీ అనే మాట అలవాటైంది అక్కడి నుంచే. 2025 సెప్టెంబరులో ఇచ్చిన కొత్త ఆదేశాల్లో రిజర్వు బ్యాంకు ఇంకో అడుగు వేసింది. రెండు ఆధారాలు ఉండాల్సిందే, అయితే రెండోది ఎస్సెమ్మెస్ ఓటీపీయే కానక్కరలేదు, వేరే పద్ధతులూ వాడవచ్చు అని. వాటి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1.

బ్యాంకుల తర్వాత ఇప్పుడు విశ్వవిద్యాలయాల వంతు. ఇది ఆహ్వానించవలసిన మార్పే. 2019లో గూగుల్ పరిశోధకులు, రెండు అమెరికా విశ్వవిద్యాలయాల వారితో కలిసి లెక్క కట్టినారు. ఎస్సెమ్మెస్ కోడు ఒక్కటి ఉన్నా యంత్రాలతో చేసే దాడులు 100 శాతం ఆగిపోయాయి. గుంపుగా పంపే మోసపు మెయిళ్లలో 96 శాతం ఆగాయి. ఒక మనిషినే గురిపెట్టి చేసే దాడుల్లో మాత్రం 76 శాతమే ఆగాయి. అంటే ఏమీ లేకపోవడం కంటే ఓటీపీ ఎంతో మేలు. కానీ పట్టుదలగా వెంటపడే దొంగ ముందు దానికి హద్దుంది.

ఓటీపీని దాటిన దొంగలు

ఆ హద్దు ఎక్కడుందో 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన సంగతి చూస్తే తెలుస్తుంది. 'స్టార్మ్-2657' అని ఆ సంస్థ పేరు పెట్టిన ఒక ముఠా అమెరికా విశ్వవిద్యాలయాల ఉద్యోగుల జీతాల మీద పడింది. మూడు విశ్వవిద్యాలయాల్లో 11 అకౌంట్లు చిక్కాయి. ఆ 11 మంది మెయిళ్ల నుంచే 25 విశ్వవిద్యాలయాల్లోని దాదాపు 6,000 మెయిళ్లకు ఉత్తరాలు పోయాయి. క్యాంపస్‌లో అంటువ్యాధి సోకిందని కొన్ని, ఫలానా అధ్యాపకుడి మీద ఫిర్యాదు వచ్చిందని కొన్ని. చదవకుండా ఉండలేని విషయాలే అన్నీ.

లింకు నొక్కితే అచ్చం అసలు పేజీలాగే ఒక పేజీ వస్తుంది. మనం పాస్‌వర్డు కొడతాం. నడుమ కూర్చున్న దొంగ దాన్ని ఆ క్షణమే అసలు సైటుకు అందిస్తాడు. అసలు సైటు మన ఫోనుకు నిజమైన ఓటీపీ పంపుతుంది. ఓటీపీ నిజమైనదే కదా అని మనమూ నమ్మి కొడతాం. దొంగ దాన్నీ అందిస్తాడు. తలుపు తెరుచుకుంటుంది, లోపలికి పోయేది అతను.

లోపలికి పోయినాక వాళ్లు చేసిన పనులు మూడు. జీతం పడే బ్యాంకు ఖాతా మార్చారు. 'మీ వివరాలు మారాయి' అని హెచ్చరించే మెయిళ్లు వచ్చీ రాగానే వాటంతట అవే చెరిగిపోయేలా అమరిక పెట్టారు. కొన్ని అకౌంట్లలో రెండో తాళంగా తమ ఫోను నంబరునే చేర్చుకున్నారు. ఇక అసలు మనిషి పాస్‌వర్డు మార్చినా ఆ నంబరు అందులో ఉన్నంతకాలం దొంగకు దారి ఉన్నట్టే. జీతాల సాఫ్ట్‌వేరులో లోపమేమీ లేదనీ, ఎంఎఫ్ఏ అసలు లేకపోవడమో, ఉన్నది ఇలాంటి మోసాన్ని తట్టుకోలేనిది కావడమో కారణమనీ మైక్రోసాఫ్ట్ చెప్పింది. అమెరికాలో ఎం.ఎస్. చదువుతూ క్యాంపస్‌లో పని చేసుకొనే మన పాత విద్యార్థులు ఇది ముఖ్యంగా గమనించాలి.

ఇంకో పద్ధతి విసిగించడం. 'లాగిన్ అవుతున్నది మీరేనా' అని ఫోనులో పదేపదే అడిగిస్తారు. 2022 సెప్టెంబరులో ఉబర్ సంస్థలోకి దొంగ దూరింది ఇట్లనే. ఒక కాంట్రాక్టరుకు వరసగా అడుగుతూ పోతే చివరికి ఆయన ఒకసారి 'అవును' నొక్కినాడు.

ఈ మోసాలకు తట్టుకొనేది పాస్‌కీ. దాని రహస్యం మన ఫోనులోనో, చిన్న యూఎస్‌బీ తాళంచెవిలోనో ఉంటుంది, లాగిన్ అయ్యేటప్పుడు సైటుకు పోదు. అది ఏ సైటుకు చేసినదో ఆ చిరునామాకే పలుకుతుంది. పేజీ ఎంత అచ్చుగుద్దినట్టున్నా చిరునామా వేరైతే పలకదు. మన కన్ను మోసపోయినా అది మోసపోదు.

మన ఇళ్ల సంగతి

ఇంతవరకు చెప్పింది ఎక్కడైనా చదవవచ్చు. మన బడికి సంబంధించిన ముక్క ఇప్పుడు.

ఎంఎఫ్ఏ తయారుచేసినవాళ్లు మనసులో ఒక మనిషిని పెట్టుకున్నారు. ఆ మనిషికి సొంత ఫోను ఉంటుంది, సొంత నంబరు ఉంటుంది, అది నాలుగేళ్లూ మారదు, రీచార్జి ఆగదు. బాగలూరు, తళి, వేపనపల్లి పక్కల నుంచి మన బడికి వచ్చే పిల్లల్లో ఎంతమందికి ఇవన్నీ ఉన్నాయి? ఒక ఫోను, ముగ్గురు పిల్లలు. ఫోను నాన్న వెంట పనికి పోతుంది. ఓటీపీ వచ్చినప్పుడు ఆయన బైకు మీద ఉంటాడు. రీచార్జి గడువు దాటి కొన్నాళ్లయితే ఓటీపీ రావడమూ ఆగిపోతుంది.

రెండు సిమ్ములు మార్చి మార్చి వాడే అలవాటు ఇంకో చిక్కు. 90 రోజులు ఏ వాడకమూ లేని నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. రద్దయిన నంబరు కనీసం 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇస్తారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ముందు ఈ విషయం వచ్చినప్పుడు, పాత సమాచారం పరాయివాళ్ల చేత పడకుండా చందాదారులే జాగ్రత్త పడాలి అన్న మాటే తేలింది. అంటే ఆర్నెల్లు పక్కన పడేసిన సిమ్ము ఇంకొకరి జేబులో ఉండవచ్చు. మన అమ్మాయి ఓటీపీ హిందీ మాట్లాడే ఆ పెద్దమనిషికి పోయింది ఇట్లనే. ఆయన తప్పూ లేదు.

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట చెప్పక తప్పదు. "నంబరు మా పెద్దోడిది వేసుకోండి సార్, పాపకు ఫోను ఇయ్యలేదు" అని చెప్పే తల్లిదండ్రులు ఏటా ఉంటారు. వాళ్ల భయం మాకు అర్థమవుతుంది. కానీ పెద్దోడు బెంగళూరులో షిఫ్టు పనిలో ఉంటే చెల్లెలు హాల్ టికెట్ తీసుకోలేదు. రేపు ఇంట్లో ఏదైనా మాటా మాటా వస్తే, చదువు తలుపు తాళం ఆమె చేతిలో ఉండదు. సర్టిఫికెట్లు ఆమెవి అయినప్పుడు, వాటి తాళంచెవి కూడా ఆమెదే కావాలి.

భాష సంగతీ ఉంది. తెలుగులో చదువుకొని వచ్చిన పిల్లలకు తెర మీద వచ్చే హెచ్చరికలన్నీ ఇంగ్లీషులో, కాదంటే తమిళంలో. 'కొత్త పరికరం చేర్చబడింది, మీరు కాకపోతే వెంటనే తెలపండి' అన్న ముఖ్యమైన మాటను అర్థం కాక 'ఓకే' నొక్కేస్తే, రెండో తాళం ఉండీ లేనట్టే.

విశ్వవిద్యాలయాలను అడగవలసినవి

ఎంఎఫ్ఏ వద్దని మేము అనడం లేదు. పెట్టే పద్ధతి గురించి అడుగుతున్నాం. పోర్టల్‌కు కొత్త తాళం వేసేది పరీక్ష ఫీజు గడువు ముందు కాదు, సెమిస్టరు మొదట్లో. చేరే రోజే విద్యార్థి ఎదురుగా నంబరుకు ఓటీపీ పంపి, అది తన చేతికే వస్తోందా అని చూసుకోవాలి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు కాగితం మీద ముద్రించిన బ్యాకప్ కోడ్లు ఇవ్వాలి. హెచ్చరికలు పిల్లలకు తెలిసిన భాషల్లో ఉండాలి.

నంబరు మార్పు సంగతి కొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి. 'ఫోన్ పోయింది, నంబరు మార్చండి' అని ఫోనులో అడిగితే మార్చేస్తే, దొంగ కూడా అదే అడుగుతాడు. కాబట్టి మనిషిని ఎదుట చూసి, కార్డు చూసి మార్చడమే సరి. అయితే దానికోసం పల్లె నుంచి విశ్వవిద్యాలయం దాకా తిరగాలా? ఆ విద్యార్థిని రోజూ చూసే కాలేజీ ప్రిన్సిపాలే గుర్తుపట్టి, అక్కడికక్కడ మార్చే అధికారం ఉంటే భద్రతా తగ్గదు, రెండు రోజుల కూలీ పోదు.

మనం ఇప్పుడే చేసుకోవలసినవి

1. సొంత మెయిలు. ప్రతి ప్లస్ టూ విద్యార్థీ తన పేరుతో తానే మెయిలు తెరవాలి. పాస్‌వర్డు తానే పెట్టుకోవాలి. కాలేజీ పాస్‌వర్డు మరచిపోతే మార్చుకొనే దారి సాధారణంగా మెయిలే కాబట్టి, మొదటి తాళం దీనికే వేయాలి.

2. నిలకడైన నంబరు. సొంత నంబరు ఉంటే మేలు. లేకపోతే ఇంట్లో ఎప్పుడూ ఆగని నంబరు వేయండి. బ్రౌజింగ్ సెంటర్ నంబరు, ఏజెంటు నంబరు వద్దు. ఎవరైనా నింపి పెడితే, 'సబ్మిట్' నొక్కే ముందు నంబరు గడి, మెయిలు గడి మీరే చదవండి.

3. అథెంటికేటర్ యాప్. పోర్టల్ ఒప్పుకుంటే ఎస్సెమ్మెస్ బదులు ఇది పెట్టుకోండి. 30 సెకన్లకు ఒకసారి కొత్త కోడు ఇస్తుంది. ఒకసారి అమర్చినాక సిగ్నలు, రీచార్జి, ఇంటర్నెట్ ఏదీ లేకపోయినా పని చేస్తుంది. హాస్టల్లో ఉండే పిల్లలకు ఇది బాగా కుదురుతుంది.

4. బ్యాకప్ కోడ్లు. గూగుల్ అకౌంటుకు ఒకసారికి 10 కోడ్లు ఇస్తారు, ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. కాగితం మీద రాసుకొని రేషన్ కార్డు, మార్కుల షీటు ఉండే పెట్టెలోనే పెట్టండి. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి!

5. పాస్‌కీ. సొంత ఫోను ఉన్నవాళ్లకు ఇదే అన్నిటికంటే గట్టిది. ఇంటిల్లిపాదీ వాడే ఫోనైతే ఆలోచించండి. ఆ ఫోను లాక్ తీయగలిగిన వాళ్లందరూ దాన్ని తెరవగలరు.

6. అడగని ఓటీపీ. మనం లాగిన్ కాకుండానే ఓటీపీ వచ్చిందంటే, 'మీరేనా' అని ఫోను అడిగిందంటే, పాస్‌వర్డు ఎవరికో తెలిసిందేమో అని అనుమానించాల. 'కాదు' నొక్కి పాస్‌వర్డు మార్చండి. ఓటీపీ ఎవరు అడిగినా, కాలేజీ నుంచి అన్నా, మన బడి నుంచే అన్నా చెప్పవద్దు.

7. నెలకొకసారి అకౌంటులో భద్రత పేజీ తెరిచి, ఏయే ఫోన్లు, నంబర్లు చేరి ఉన్నాయో చూడండి. తెలియనిది కనిపిస్తే తీసేయండి. మెయిలు అమరికల్లో మీరు పెట్టని ఫిల్టరు ఏదైనా ఉందేమో అదీ చూడండి.

ఈ ఏడు పనులకూ కలిపి ఒక పూట చాలు. టి.సి. కోసం, మార్కుల షీటు కోసం బడికి ఎట్లాగూ వస్తారు కదా. ఆ రోజు ఫోను కూడా తెచ్చుకోండి. ఫోను లేనివాళ్లు ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. కంప్యూటర్ గదిలో పిల్లల చేతే మెయిలు తెరిపించి, రెండో తాళం వేయించి, బ్యాకప్ కోడ్లు రాయిస్తాం. పాస్‌వర్డు కొట్టేటప్పుడు మా మాస్టర్లు అవతలికి తిరిగి నిలబడతారు. కాలేజీల్లో ఉన్న పాత విద్యార్థులు, పాత నంబర్లతో చిక్కుకున్నవాళ్లు కూడా రావచ్చు. అర్జీ రాయడానికి సాయం చేస్తాం.

మొదట చెప్పిన అమ్మాయి ఇప్పుడు మూడో ఏడు. పోయిన వారం బడికి వచ్చి, చెల్లెలి దరఖాస్తులో నంబరు గడి తానే నింపింది. నింపినాక రెండుసార్లు చదివింది.